తద్దినం లెక్కలో పుట్టినరోజు

మా అమ్మకి అరవై నిండాయని అందరం అనుకున్న రోజున, విందుకి సరిగ్గా మూడు గంటల ముందు, ఇంకా నిండలేదని తేలింది. తప్పు నాది.

కనిపెట్టినవాడు గెట్సెల్ పెదనాన్న. చనిపోయిన మా పెద్దమ్మ బ్రాయ్నా భర్త. జెరూసలేంలో మా వీధికి రెండు మలుపుల అవతల ఒక అచ్చాఫీసులో నలభై ఏళ్ళుగా మా యూదుల పంచాంగం ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆయన వేసిన అస్తమయానికీ ఆకాశంలో అస్తమయానికీ ఒక్క నిమిషం తేడా వస్తే, సర్దుకోవాల్సింది సూర్యుడేనని మా వీధిలో వేళాకోళం.

ఆ పొద్దున ఆయన తలుపు తట్టలేదు. తోసుకొచ్చాడు. చేతిలో మేం పంచిన విందు కార్డు.

"ఆన్షెల్, ఈ తేదీ ఎవరు కట్టారు?"

"నేనే, పెదనాన్నా."

"అనుకున్నాలే. మీ అమ్మ పుట్టింది ఎప్పుడు?"

"అదారు నెల, పంతొమ్మిది."

"ఆ ఏడు అదారులు ఎన్ని?"

"ఒకటే. మామూలు సంవత్సరం."

"ఈ ఏడు?"

"రెండు. అధికమాసం వచ్చింది కదా. మొదటి అదారు, రెండో..."

అక్కడ నా నోరు ఆగిపోయింది.

ఆయన కార్డు బల్ల మీద పెట్టి వేలితో తట్టాడు. "అధికమాసం వచ్చిన ఏడు పోయినవాళ్ళకి మొదటి అదారు. పుట్టినవాళ్ళకి రెండోది. మనవాళ్ళలో పాలపళ్ళు ఊడని పిల్లాడికి కూడా తెలుసు. నువ్వు మీ అమ్మకి తద్దినం లెక్క కట్టావురా."

నేను శవసంస్కార సంఘంలో గుమస్తాని. పన్నెండేళ్ళుగా లేస్తే అదే పని. ఎవరు ఏ రోజు పోయారు, ఈ ఏడు ఆ రోజు ఎప్పుడొస్తుంది, ఎవరింటికి కబురు పంపాలి, మా ప్రార్థనామందిరం సినగాగ్ గోడమీది ఇత్తడి పలకలో ఎవరి పేరు పక్కన బల్బు వెలిగించాలి. బతికున్న మనిషి తేదీ నా చేతికి రావడం అదే మొదటిసారి. చెయ్యి దాని అలవాటున అది పోయింది.

"కార్డు ఇచ్చి మూడు వారాలైంది. ఇప్పుడా చెప్పేది?" అన్నాను, ఏం అనాలో తెలియక.

"మీ ఆవిడ ఫోన్ చేసి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మంది. భోజనానికి కార్డు చదవాలా? ఇవాళ కాఫీ చల్లారేదాకా తోచక చదివాను." ఆయన గొంతు తగ్గించాడు. "నెల రోజులు తక్కువ. మీ అమ్మకి ఇంకా యాభై తొమ్మిదే."

ఇంకో ఇంట్లో అయితే ఇది నవ్వి ఊరుకునే సంగతి. మా ఇంట్లో కాదు.

శాస్త్రంలో ఒక మాట ఉంది. ఘోరమైన తప్పు చేసినవాణ్ణి పైవాడు యాభైకీ అరవైకీ మధ్య కోసేస్తాడు. కోత అంటాం. అందుకే అరవై నిండిన మనిషి కోత దాటానని నలుగురినీ పిలిచి విందు చేస్తాడు. శాస్త్రం ఒక్క మనిషికి చెప్పిన మాటని మా వీధి మా వంశానికంతా అంటించింది. అమ్మవాళ్ళ తాత లైబిష్, ప్రాయశ్చిత్త దినాన, ఊరంతా గుటక నీళ్ళు కూడా మింగకుండా ఉపవాసం ఉన్న వేళ, సినగాగ్ మెట్ల మీద నిలబడి రొట్టె తిన్నాడు. యాభై నాలుగుకి పోయాడు. ఆయన కొడుకు, అంటే అమ్మ తండ్రి, యాభై ఎనిమిదికి. మా మావయ్య యాభై ఏడుకి. బ్రాయ్నా పెద్దమ్మ యాభై తొమ్మిదికి, ఇంకో పదకొండు వారాల్లో అరవై అనగా. మా ఇంటిపేరు చాలామందికి తెలియదు. 'కోతవాళ్ళ ఇల్లు' అంటే టాక్సీవాడు కూడా తిన్నగా తెచ్చి దింపుతాడు.

మా అమ్మ ఫ్రూమా పెళ్ళైన ఆడవాళ్ళకి విగ్గులు కుడుతుంది. చలికాలం మొదట్లో మెట్ల మీద రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. గుండె కవాటం సూది బెజ్జమంత అయింది, వారంలో ఆపరేషన్ చెయ్యాలి అన్నది డాక్టరు. అమ్మ బేరం పెట్టింది.

"అరవై నిండనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఎందుకమ్మా?"

"యాభై తొమ్మిదిలో మీ బల్ల మీద పోతే కోత పడిందంటారు. నా మనవలు ఆ మాట మోస్తూ పెరగాలి. అరవై దాటి పోతే గుండెజబ్బుతో పోయినట్టు లెక్క."

డాక్టరు నా వైపు చూసింది. నేను నేల చూశాను. చివరికి ఆవిడ ఒప్పుకుంది. ఆదివారం విందు, సోమవారం పొద్దున చేరిక, మంగళవారం ఆపరేషన్. "ఆ పైన ఒక్క రోజు జరిగినా నన్ను అడగొద్దు" అంది.

ఇప్పుడు అరవయ్యే నెల అవతలికి జరిగింది.

"ఏమిటట మా బావకి, భోజనానికి ఇంత ముందే?" అంటూ అమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చింది. చేతులు తుడుచుకుంటోంది. మా మొహాలు చూసి తుడుచుకోవడం ఆపింది.

నేను చెప్పాను. దాచి చెప్పడం నాకు చేతకాదు. ఒక్క వాక్యంలో అయిపోయింది.

అమ్మ గోడకి చెయ్యి ఆనించింది. తర్వాత, "తద్దినం లెక్కా?" అంది నా వంక చూసి. "నలభై మందిని పిలిచి బతికుండగానే తద్దినం పెట్టిన కొడుకు ఈ ఊళ్ళో ఇంకెవరికీ ఉండడు."

"కంగారేం లేదు," అన్నాడు పెదనాన్న. "నేను దార్లో అన్నీ ఆలోచించే వచ్చాను. విందు ఆపేద్దాం. వంట ఎవరికైనా పంచేద్దాం. ఆపరేషన్ ఒక్క నెల వెనక్కి జరుపుదాం. నెలే కదా. రెండో అదారు పంతొమ్మిది దాటనీ, మర్నాడే నేనే దగ్గరుండి తీసుకెళ్తాను."

"డాక్టరు..." అన్నాను.

"డాక్టర్లు ఎప్పుడూ తొందరే పెడతారు. వాళ్ళ పంచాంగంలో రేపు అన్న రోజే ఉండదు. యాభై తొమ్మిదిలో కత్తి కిందకి వెళ్ళడం పైవాణ్ణి కవ్వించడమే, ఫ్రూమా. నీ మంచికే చెప్తున్నాను."

అమ్మ తల ఊపింది. ఒప్పుకుంటోందనే అనుకున్నాను.

పుట్టినరోజున కాసేపు ఒంటరిగా కూర్చుని గడిచిన ఏడాదిని మనసులో తిరగేసుకోవడం మాకు ఆచారం. "పుట్టినరోజు కాకపోయినా కూర్చుంటాను. ఎవరూ తలుపు కొట్టొద్దు," అని అమ్మ విగ్గులు కుట్టే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ గదిలో వరసగా కర్ర తలకాయలు. వాటి ముందు కూర్చుని ఏం తిరగేసుకుందో మాకు తెలియదు. అమ్మ లోపలున్న ఆ గంటలో పెదనాన్న రెండు కప్పుల టీ తాగాడు. నేను డాక్టరు నంబరు మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టేశాను. నా భార్య గిట్ల్ చేపల గిన్నె మూత తీసి, పెట్టి, తీసి, చివరికి స్టవ్ కట్టేసింది.

గడియ తీసిన చప్పుడు.

అమ్మ విందుకి కుట్టించుకున్న నీలం గౌను వేసుకుని బయటికొచ్చింది.

"గిట్ల్, స్టవ్ ఎవరు కట్టేశారు?"

"విందు లేదన్నారు కదా అత్తయ్యా."

"ఎవరన్నారు? మీ మావగారా? ఆయన బతికుంటే అనేవాడేమో. వెలిగించు."

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "నిండకుండా అరవై విందు చేస్తావా? శాస్త్రంతో ఆటలా?"

"అరవై విందు చెయ్యను. ఎప్పటికీ చెయ్యను." అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊపిరి కోసం ఆగి ఆగి మాట్లాడింది. "యాభై దాటిన దగ్గర్నించీ పొద్దున లేవగానే నేనేం చేశానో తెలుసా బావా? ప్రాణం తిరిగిచ్చావయ్యా అని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి కదా. పెదాలు ఆ మాటే అనేవి. లోపల మాత్రం ఇంకా ఎన్ని రోజులు అని లెక్క. తొమ్మిదేళ్ళు దేవుడితో మాట్లాడ్డం మానేసి నీ పంచాంగంతో మాట్లాడాను. ఇవాళ గదిలో కూర్చుంటే అదొక్కటే కనపడింది. ఇంకేం కనపడలేదు."

"దానికీ విందుకీ ఏమిటి?"

"అరవై నిండాక దాటానని విందు చేస్తే ఏం చెప్పినట్టు? మా తాత పాపి, మా అక్క ఆ పాపానికి పోయింది, నేను మాత్రం గోడ దూకాను అని చెప్పినట్టు. ఆ భోజనం నాకెలా దిగుతుంది?"

"సరే, విందు నీ ఇష్టం. ఆపరేషన్ మాత్రం ఆపు. నెలే కదా ఫ్రూమా."

"మా అక్కకి మూడు రోజులే కదా అన్నావు."

పెదనాన్న గడ్డం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అప్పుడు మన గురువు రబ్బీ ఊళ్ళో లేడు," అన్నాడు. "వచ్చాక ఆశీర్వాదం తీసుకుని ఆసుపత్రికి వెళ్దామనుకున్నాను. జ్వరమే కదా అనుకున్నాను."

"తెలుసు."

"అప్పటికి యాభై తొమ్మిది నడుస్తోంది దానికి. నేనేం చెయ్యగలను?"

"బావా, నిన్ను తిట్టడానికి ఎత్తలేదు. నువ్వు చంపలేదు. పైవాడూ కొయ్యలేదు. ఆలస్యం చంపింది. ఎనిమిదేళ్ళుగా ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. కోత అనుకుంటే ఇద్దరికీ తేలిగ్గా నిద్ర పడుతుందని అలాగే అనుకున్నాం. ఇప్పుడు నన్ను కూడా ఆగమంటున్నావు. నేను ఆగను."

ఆయన టోపీ తీసుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వాకిటి దాకా వెళ్ళి, అక్కడున్న మడత కుర్చీలు ఒక్కొక్కటే విప్పి బల్లల చుట్టూ వెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరికీ మొహం చూపించకుండా నలభై కుర్చీలూ వేశాడు.

ఒంటిగంటకి జనం వచ్చారు. ముందు గదిలో మగవాళ్ళు, లోపలి గదిలో ఆడవాళ్ళు. అందరికంటే ముందొచ్చింది త్సిప్పె. 'కోతవాళ్ళ ఇల్లు' అన్న పేరు మా ఇంటికి పెట్టిన మహాతల్లి ఆవిడే. వెంట తొంభై ఒక్కేళ్ళ మావగారు హిర్షెల్. ఆయన్ని మగవాళ్ళ బల్ల దగ్గర కూర్చోబెట్టి, లోపలికొచ్చి అమ్మని కావిలించుకుంది.

"నూట ఇరవై దాకా ఉండు ఫ్రూమా. మొత్తానికి గట్టెక్కావు. మేమందరం ఊపిరి బిగబట్టుకుని చూశామనుకో."

"ఇంకాస్త బిగబట్టు," అంది అమ్మ. "నాకు ఇంకా యాభై తొమ్మిదే."

"పోనిద్దూ, నీకేమిటి హాస్యాలు."

"హాస్యం మావాడు ఆడాడు. తద్దినాల గుమస్తా కదా."

చేపలు వడ్డించారు. సూప్ గిన్నెలు బల్లల మీదికి వచ్చాయి. అప్పుడు అమ్మ లేచి రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మంలో నిలబడి ఏ ఆడమనిషీ మాట్లాడగా నేను చూడలేదు. మగవాళ్ళు పళ్ళాల్లోకి చూపులు దించారు. ఎవరో దగ్గారు.

"కార్డులో తేదీ తప్పు," అంది అమ్మ. "నాకు అరవై రావడానికి ఇంకా నెలుంది. ఎల్లుండి నా గుండె కోస్తారు. అంటే యాభై తొమ్మిదిలోనే."

కర్ర చేతికి అందుకుంటూ ఒక ముసలాయన అడిగాడు, "మరి ఈ భోజనం దేనికమ్మా?"

"మా తాత భోజనం గురించి చెప్పడానికి. వందేళ్ళుగా మీరు చెప్పుకుంటున్నారు. మేమే ఎప్పుడూ చెప్పలేదు." అమ్మ ఊపిరి పీల్చుకుంది. "అది విషజ్వరాల ఏడు. ఇంటికి ఇద్దరు పడిపోయారు. వాళ్ళని మంచాల మీద ఆసుపత్రికి మోసుకెళ్ళేవాళ్ళలో మా తాత పెద్ద. ఆయన కింద ఆరుగురు కుర్రాళ్ళు. ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నానికి వాళ్ళలో ఒకడు మెట్ల దగ్గర పడిపోయాడు, ఆకలికి. తినరా అంటే తినడు. పాపం అన్నాడు. అప్పుడు మా తాత ఆ మెట్టు మీదే, అందరూ చూస్తుండగా రొట్టె విరిచి తన నోట్లో పెట్టుకున్నాడు. నేను తిన్నాను, ఇక మీరు తినండి అన్నాడు. తిన్నారు. మళ్ళీ మంచాలు ఎత్తారు. ప్రాణం మీదికొస్తే ఉపవాసం లేదని మీ పిల్లలకి మీరు నేర్పరా? మీకు రొట్టె కనపడింది. మంచాలు కనపడలేదు."

"విన్నవాళ్ళు చెప్పినదేగా," అంది త్సిప్పె లోపలి నించి, మెల్లిగా, అందరికీ వినపడేట్టు. "ఇంట్లోవాళ్ళు ఇంటి పెద్దని తక్కువ చేసి చెప్పుకుంటారా ఎక్కడైనా."

ముందు గదిలో చెంచా పడిన చప్పుడైంది. హిర్షెల్ ముసలాయన బల్ల పట్టుకుని లేవబోతున్నాడు. గెట్సెల్ పెదనాన్న భుజం ఇచ్చాడు.

"ఆ పడిపోయిన కుర్రాడు మా నాన్న," అన్నాడు హిర్షెల్.

"మావయ్యా, కూర్చోండి, సూప్ చల్లారిపోతుంది," అంది త్సిప్పె గుమ్మం దగ్గరికొచ్చి.

"చల్లారనీ. నాకు తొంభై ఒకటి. ఇంకెప్పుడు చెప్పను?" ఆయన అమ్మ వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ రోజు మా నాన్నా తిన్నాడు. లైబిష్ తర్వాత రెండో ముక్క ఆయనదే. ఎనభై ఎనిమిదేళ్ళు బతికాడు. పోయే ముందు నాకు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నీ కూతుళ్ళకి సంబంధాలు రావు అన్నాడు. అందుకని మేం నోరు మూసుకున్నాం. ఆ మాట మొత్తం మీ తాతే మోశాడు." అప్పుడు అమ్మ వైపు తిరిగాడు. "నన్ను క్షమించమని అడగాలి నేను. ఎవర్ని అడగాలో తెలియట్లేదు."

ఆ సంగతి అమ్మకీ తెలియదు. ఆ ఆరుగురిలో ఎవరి పేరూ మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, తాత ఒట్టు పెట్టించాడని మాత్రం విన్నాను.

త్సిప్పె మొహం చూడాలి. వందేళ్ళ కోత తన పెనిమిటి ఇంటి మీదుగా నడిచి వచ్చి తన పళ్ళెం పక్కన కూర్చుంది. విగ్గు సర్దుకుంది. ఆ విగ్గు కుట్టిందీ అమ్మే.

పెదనాన్న గ్లాసు తీసుకున్నాడు. "ఆయువుకి," అన్నాడు. ఎప్పటి అలవాటే అనుకున్నారు అందరూ. ఆయన ఆగలేదు. "లైబిష్ పేరు మీద. తర్వాత..." గొంతు సవరించుకున్నాడు. "తర్వాత నా బ్రాయ్నా పేరు మీద. దానికి కోత పడలేదు. నేను ఆగాను, అది పోయింది."

తాగి కూర్చున్నాడు. ఎవరూ ఓదార్చే సాహసం చెయ్యలేదు. నెమ్మదిగా చెంచాలు కదిలాయి. ఓ అరగంటకి పాట కూడా లేచింది, మొదట్లో బెదురుగా, తర్వాత బల్లలు దరువులయ్యేట్టు.

అమ్మ నా వెనక్కొచ్చి చొక్కా లాగింది. "టాక్సీ పిలు."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

"చేరిక రేపు పొద్దున కదమ్మా. జనం ఉన్నారు, కేకు కూడా కొయ్యలేదు."

"వాళ్ళకి తినడం వచ్చు. నాకు ఇప్పుడు ధైర్యం ఉంది. రేపు పొద్దున ఉంటుందో లేదో ఎవడికి తెలుసు? ఉన్నప్పుడే వెళ్ళాలి."

మెట్లు దిగుతుంటే ఆమె ఊపిరి ఈలలా వినపడుతోంది. ఒక పక్క నేను, ఒక పక్క గిట్ల్. సంచీ పెదనాన్న పట్టుకున్నాడు. వెనకాల పాట ఆగి, జనం కిటికీల్లోకొచ్చారు. అమ్మ వెనక సీట్లో కూర్చుని ముందు చేసిన పని అద్దం దించడం.

"చలి, అమ్మా."

"దించి ఉండనీ." డ్రైవరు భుజం తట్టింది. "బాబూ, పెద్ద వీధిలోంచి పోనీ. మెల్లిగా పోనీ."

రొట్టెల కొట్టు దగ్గర ఎవరో వంగి చూశారు. "ఏమ్మా ఫ్రూమా, విందు రోజున ప్రయాణమా? అరవై నిండాయటగా?"

"లేదు. యాభై తొమ్మిది," అంది అమ్మ, వీధి ఈ చివర నించి ఆ చివరకి వినపడేలా. "గుండె కోయించుకోవడానికి వెళ్తున్నా. అందరికీ చెప్పు."

కూరల బండి దగ్గర అదే మాట. పుస్తకాల కొట్టు దగ్గర అదే మాట. మూడోసారికి డ్రైవరే అద్దంలోంచి చూసి నవ్వుతూ బండి ఇంకా నెమ్మది చేశాడు. ఇన్నేళ్ళూ ఆ వీధిలో గోడ పక్కన నడిచిన మనిషి, ఆ సాయంత్రం నడివీధిన తన వయసు తనే చాటుకుంటూ వెళ్ళింది. ముందు సీట్లో పెదనాన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. అది ప్రార్థనో లెక్కో నేను అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఇంటికి బయల్దేరుతోంది. అప్పటికే కోటు తీసేసి చేతిలో పట్టుకుంది. నీలం గౌనులో అమ్మని చూసి ఆగింది.

"రేపు పొద్దున కదమ్మా రమ్మన్నాను?"

"రేపటి దాకా ఉంటే మా బావ ఇంకో తప్పు కనిపెడతాడు."

డాక్టరుకి అర్థం కాలేదు. అయినా నాడి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా నర్సుని పిలిచి, మంచం తెమ్మంది. తర్వాత అంగీకార పత్రం తెప్పించి, ఆపరేషన్‌లో ఉన్న ప్రమాదాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

"మీకు అరవై నిండాయి కదా ఇప్పుడు?" అంది మధ్యలో ఆగి, పెన్ను వయసు గడి మీద పెట్టి.

"యాభై తొమ్మిది. సరిగ్గా రాయండి."

"నిండాకే వస్తానన్నారు."

"అన్నాను. అది భయపడ్డ మనిషి మాట. మీరు చదవండి."

డాక్టరు రెండో ప్రమాదం చదువుతుండగానే అమ్మ చెయ్యి చాపి ఆవిడ చేతిలోని పెన్ను తీసుకుంది. ఎక్కడ సంతకం పెట్టాలో నన్ను అడిగింది. నేను వేలు పెట్టి చూపించాను.